కానుగ ఆకుల మీద బుడిపెలు కనిపిస్తే

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పొలం గట్ల మీద, బాటల పక్కన పెరిగే కానుగ చెట్ల లేత ఆకులపై, వేలితో తడిమితే తగిలే పచ్చని బుడిపెలు కనిపించినప్పుడు, దాన్ని బూజు తెగులనుకొని మందు కొట్టడం దండుగ. ఒక బుడిపెను బ్లేడుతో నిలువుగా చీల్చి, పది రెట్లు పెంచి చూపే భూతద్దం కింద పరిశీలించండి. లోపలి బోలులో తెల్లని నలుసుల్లా మెల్లగా కదిలేవే ఈ బుడిపెలకు కారణమైన నల్లులు (మైట్లు; మంచాల్లో ఉండే నల్లులు కావు). ఇవి కీటకాలు కావు, సాలీళ్ల బంధువులు. అయినా వీటికి ఉండేవి నాలుగు కాళ్లే, పొడవు సుమారు 0.2 మిల్లీమీటర్లు.

పెద్ద చెట్టును, నా దృష్టిలో, అలాగే వదిలేయవచ్చు. నర్సరీ మొక్కల విషయంలో మాత్రం బుడిపెలున్న ఆకులను తుంచి తగులబెట్టి, బుడిపెలోకి దూరిన నల్లికి మందు అందదు కనుక, కొత్త చిగురు విచ్చుకొనే సమయంలోనే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకాన్ని కలిపి ఆకు రెండు వైపులా తడిసేలా పిచికారీ చేయాలి. మన ఎండల్లో గంధకం ఆకును మాడుస్తుంది. చల్లని సాయంత్రం వేళనే ఎంచుకోండి. చెట్టు మీది ఆకును పచ్చిరొట్టగా వరిమడిలో తొక్కడానికి ఈ బుడిపెలు అడ్డు కావు.