రావి ఆకు ఈనెలను వెండి మీదికి దింపడం ఎలా?

పిల్లల నుదుటిన వేలాడే రావిరేక మన పాత నగ. అది ఆకు అంచును మాత్రమే తీసుకుంది. ఇక్కడ చేయబోయే లాకెట్టుకు ఆకు లోపలి ఈనెల అల్లిక కావాలి. దాన్ని ఉలితో చెక్కాలని చూడకండి. నడిమి ఈనె నుంచి చీలుతూ, సన్నబడుతూ, మళ్లీ ఒకదానితో ఒకటి కలిసి వల అయ్యే ఆ గీతలను ఎంత నేర్పరి చెయ్యి గీసినా లెక్కపెట్టి గీసినట్టే ఉంటుంది. పోత పోస్తే సన్నని ఈనెలు పోతాయి. ఆకునే అచ్చుగా వాడాలి: రెండు రేకుల మధ్య పెట్టి రోలర్ల గుండా నొక్కాలి.

కావలసినవి: 1 మిల్లీమీటరు మందం, 92.5 శాతం స్వచ్ఛత గల వెండి రేకు, అదే కొలతలో ఒక రాగి రేకు, గ్యాస్ టార్చి, సన్నని రంపం, ఆకురాయి. రేకులు సాగదీసే రోలరు యంత్రం కొనక్కరలేదు, వెండి పని చేసే దుకాణంలో అడిగి వాడుకోవచ్చు. రావి ఆకులను మూడు నాలుగు వారాలు నీళ్లలో నానబెట్టి, మెత్తని బ్రష్షుతో గుజ్జు తీసి ఆరబెట్టండి. పచ్చి ఆకు వద్దు. రసం కారి జారిపోతుంది.

ఇప్పుడు అందరూ పాడుచేసే పని: వెండి రేకును కాల్చి మెత్తబరచడం. రేకు గట్టిగా ఉంటే ఎంత బిగించి తిప్పినా నడిమి ఈనె ఒక్కటే పడుతుంది. అచ్చు సరిగా పడలేదని ఆకును, యంత్రాన్ని తిట్టేవాళ్లను ఎందరినో చూశాను. తప్పు రేకుది.

గదిలో దీపాలు ఆర్పేయండి. వెలుతురులో వెండి రంగు మారడం కనిపించదు. రేకు మీద మార్కరు పెన్నుతో ఒక గీత గీయండి. మంటను ఒకచోట ఆపకుండా గుండ్రంగా తిప్పుతూ రేకంతా సమంగా వేడి చేయండి. గీత చెరిగిపోయి, రేకు మసక ఎరుపుకు రాగానే మంట తీసేయాలి. అది సుమారు 650 డిగ్రీలు. నారింజ రంగు కోసం ఎదురుచూడకండి. 800 దగ్గర ఈ వెండి కరగడం మొదలవుతుంది, అంతకుముందే ఉపరితలం ముడతలు పడుతుంది. ఎరుపు పూర్తిగా పోయాకే నీళ్లలో వేయండి. ఎర్రగా ఉన్నప్పుడే ముంచితే రేకు వంకరపోతుంది, ఒక్కోసారి పగులుతుంది.

నల్లటి పొర పోవడానికి వేడి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లలో ఉంచండి. బయటికి తీసేది ఇనుప పటకారుతో కాదు, చెక్కదో ప్లాస్టిక్‌దో కావాలి. ఇనుము తగిలితే నీళ్లలోని రాగి వెండి మీదికి ఎక్కి గులాబీ రంగు పడుతుంది. తరువాత రేకును చుక్క తడి లేకుండా ఆరబెట్టండి. తడి ఉంటే రోలర్లు తుప్పు పడతాయి, మరొకరి యంత్రం పాడుచేసిన పాపం మీదవుతుంది.

వెండి, ఆకు, రాగి వరుసగా పేర్చి, రోలర్ల మధ్య పెట్టి, బాగా బిగించి ఒకే ఒక్కసారి తిప్పండి. రెండోసారి తిప్పితే గీతలు జంటలుగా పడతాయి.

మీకు నచ్చిన ముక్కను కోసి, అంచులు రాకి, కొక్కేనికి టంకం వేయండి. అండాకారం కోయండి. ఆకు ఆకారంలో కోస్తే అది మళ్లీ రావిరేకే. ఈనెలు తేలి కనిపించేలా నలుపు పట్టించడం మాత్రం టంకం తరువాతే, వేడికి ఆ నలుపు నిలవదు. గట్టిగా ఉడికిన కోడిగుడ్డును చిదిమి, నగతో పాటు, దానికి తగలకుండా మూత డబ్బాలో పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. నల్లబడ్డాక కుంకుడు రసంతో కడిగి, మెత్తని గుడ్డను వేలికి బిగించి పైపైన రుద్దండి. ఈనెల గాట్లలో నలుపు నిలిచి, చుట్టూ వెండి మెరుస్తుంది. అక్కడితో ఆపండి, ఇంకా రుద్దితే సన్నని ఈనెలు చెరిగిపోతాయి.