సెస్నా 152తో ఓనమాలు – 6వ పాఠం: మే ఎండలో రేణిగుంట ఎత్తెంత?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చూద్దాం: ట్యాంకులు నింపి ఇద్దరు ఎక్కితే, మన రెండు సీట్ల శిక్షణ విమానం సెస్నా 152 గరిష్ఠ బరువు దాటుతుందా? విమానం ఖాళీ బరువు 530 కేజీలు, ఇన్‌స్ట్రక్టర్ 80, స్టూడెంట్ 72, ట్యాంకుల నిండా వాడుకోదగ్గ ఇంధనం 67. మొత్తం 749. గరిష్ఠ బరువు 757 కాబట్టి ఇంకో 8 కేజీలకు చోటుంది. అయితే ఆ 530ని కంపెనీవాళ్ల హ్యాండ్‌బుక్‌లోంచి తీసుకోకూడదు. మీరెక్కబోయే విమానాన్నే చివరిసారి తూచినప్పుడు రాసిన కాగితంలోంచి తీసుకోవాలి. 152ల తయారీ 1985లోనే ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు రంగులేశారో, ఎన్ని రేడియోలు మార్చారో! వయసుతో పాటు వాటికీ ఒళ్లొస్తుంది.

ఇక ఈ వారం ప్రశ్న. రేణిగుంట రన్‌వే సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉంది? సుమారు 350 అడుగులు. మరి మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు? పటంలో అప్పుడూ 350 అడుగులే. రెక్కకు మాత్రం కాదు. రెక్కకైనా, ప్రొపెల్లర్‌కైనా, కార్బురేటర్‌కైనా కావలసింది గాలి చిక్కదనం. ఎండకు గాలి పల్చబడుతుంది. గడ్డపెరుగులో తిప్పిన కవ్వాన్నే నీళ్ల మజ్జిగలో తిప్పి చూడండి, చేతికి తేడా తెలుస్తుంది. ఈ పల్చదనాన్ని అడుగుల్లో చెప్పే లెక్కే డెన్సిటీ ఆల్టిట్యూడ్. కాగితం, పెన్సిల్ తీసుకోండి.

మొదట పీడనం. ప్రామాణిక పీడనం 1013 హెక్టోపాస్కల్స్. టవర్ ఇచ్చిన క్యూఎన్‌హెచ్, అంటే సముద్రమట్టానికి లెక్కగట్టిన ఇవాళ్టి పీడనం, 1003 అనుకుందాం, ఎండాకాలంలో మనకు ఇలా తక్కువగానే ఉంటుంది. తేడా 10. ఒక్కో హెక్టోపాస్కల్‌కు 30 అడుగుల చొప్పున 300. దాన్ని 350కి కలిపితే 650. ఇది ప్రెషర్ ఆల్టిట్యూడ్.

తర్వాత వేడి. ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, పైకి వెళ్లేకొద్దీ వెయ్యి అడుగులకు 2 డిగ్రీల చొప్పున తగ్గుతుంది. అంటే 650 అడుగుల దగ్గర 13.7 ఉండాలి. బయట 42 ఉంది. తేడా 28.3. ఒక్కో డిగ్రీకి 120 అడుగులు వేసుకుంటే దాదాపు 3,400. దానికి 650 కలపండి. 4,050 వచ్చిందా?

మదనపల్లె దగ్గర హార్సిలీ కొండల ఎత్తు సుమారు 4,150 అడుగులు. కింద రేణిగుంటలో తారు కరుగుతుంటే, విమానం మాత్రం తాను దాదాపు హార్సిలీ కొండల మీద ఉన్నాననుకుంటుంది. ఆ చల్లదనం మనకు దక్కదు, అంతే. గాలిలో తేమ ఉంటే ఇంకాస్త పల్చన. ఈ లెక్కలో దాన్ని వదిలేశాం.

దీనివల్ల పోయేదేమిటి? టర్బో లేని ఇంజిన్‌కు వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి తగ్గుతుంది. మన 110 హార్స్‌పవర్‌లో 97 మిగులుతుంది. సముద్రమట్టంలో ప్రామాణిక రోజున నిమిషానికి 715 అడుగులు ఎక్కే విమానం 600 దగ్గర ఆగుతుంది. పూర్తి బరువుతో, గాలి లేనప్పుడు, ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దించే పలకలు) 10 డిగ్రీలు దించితే 725 అడుగులు ఉండాల్సిన టేకాఫ్ పరుగు, సముద్రమట్టంలోనే 40 డిగ్రీల వేడిలో 875 అవుతుంది. 50 అడుగుల అడ్డు దాటడానికి 1,340 బదులు దాదాపు 1,605 కావాలి. ఇవి కొత్త విమానాన్ని ఆరితేరిన పైలట్ నడిపితే వచ్చిన అంకెలు. పాత ఇంజిన్, కొత్త స్టూడెంట్ కలిసినచోట నేను వీటికి సగం చేర్చుకుంటాను. చాదస్తం అంటే అనండి.

ఎయిర్‌బస్‌లు దిగే రేణిగుంట రన్‌వే పొడవు ముందు ఈ అడుగులు లెక్కలోకే రావు. చిక్కంతా కంటితో.

ఎండలోనైనా చలిలోనైనా 152ను లేపేది వేగం చూపే మీటరు ముల్లు 50 నాట్ల దగ్గరికి వచ్చినప్పుడే. ఈ అంకె మారదు. ఎందుకంటే రెక్కను లేపేదీ, ముల్లును కదిలించేదీ ఒకే గాలి. గాలి పల్చబడితే రెండింటికీ ఒకేలా తగ్గుతుంది. కానీ 4,050 అడుగుల చిక్కదనంలో ముల్లు 50 చూపించేసరికి నిజవేగం 53 ఉంటుంది. అక్కడికి చేరడానికి పరుగూ ఎక్కువ పడుతుంది. నేల వేగంగా వెనక్కి పోతుంటుంది, బండి మాత్రం లేవదు. అప్పుడు స్టూడెంట్‌కు టెన్షన్ మొదలై, చేయి తనంతట తానే యోక్‌ను, అంటే ముక్కును ఎత్తే స్టీరింగ్‌ను, లాగుతుంది.

నేనూ లాగాను. మే నెలలోనే, మధ్యాహ్నం సార్టీలో. ముల్లు ఇంకా 43 దగ్గరుంది. ముక్కు లేచింది, ఎడమ రెక్కలోని స్టాల్ హారన్ (రెక్క పట్టు తప్పబోతోందని హెచ్చరించేది) నోటి ఆర్గాన్‌లా కీచుమంది. మా ఇన్‌స్ట్రక్టర్ పలమనేరు వైపాయన. యోక్‌ను రెండు వేళ్లతో ముందుకు నెట్టి, "తొందరేంది నాయనా, దాన్నే లేవనీ" అన్నాడు. అరవలేదు. ముక్కు దిగింది, ముల్లు కదిలింది, విమానం లేచింది. ముక్కు ఎత్తి పట్టుకుంటే గాలి అడ్డు పెరిగి వేగం ఇంకా రాదన్న సంగతి ఆ రోజు బాగా ఎక్కింది.

ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్‌కు చదువుతున్నవాళ్లు ఉంటే మీకో మాట. ఈ సంగతి బోర్డు మీద చెప్పి వదిలేయకండి. ఒకే స్టూడెంట్‌ను ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి పదకొండింటికి తీసుకెళ్లండి. రెండుసార్లూ ఎక్కే రేటు అతని చేతే రాయించండి. టేకాఫ్ పరుగులో మీ చెయ్యి యోక్ వెనక ఉండాలి గానీ దాన్ని పట్టుకోకూడదు. పట్టుకుంటే విమానాన్ని ఎవరు లేపారో అతనికి తెలియదు. ముక్కు ముందే లేస్తే "ఐ హ్యావ్ కంట్రోల్" అనడానికి ముందు ఒక్క మాట చాలు: "ముల్లు చదువు." అప్పటికీ వదలకపోతే అప్పుడు తీసుకోండి.

చిన్న రన్‌వేలకు పాత పైలట్ల కొలత ఒకటుంది. రన్‌వే సగానికి చేరేసరికి, లేపే వేగంలో 70 శాతం, అంటే మనకు 35 నాట్లు రాకపోతే థ్రాటిల్ మూసేసి, టేకాఫ్ మానుకోవాలి. సగం ఎక్కడుందో కదలక ముందే గుర్తుపెట్టుకోండి, చెట్టో, లైటో, ఏదో ఒకటి. పరిగెడుతూ వెతికితే దొరకదు.

మిక్చర్‌ను ఎప్పుడు సన్నం చేయాలన్నది, అంటే ఇంజిన్‌కు వెళ్లే గాలిలో ఇంధనం పాలు ఎప్పుడు తగ్గించాలన్నది, ఏడో పాఠంలో. ఈలోగా ఇంటిపని: చిత్తూరు ఎత్తు 1,100 అడుగులు అనుకోండి. అక్కడ 2,500 అడుగుల రన్‌వే ఉందని ఊహించుకోండి. క్యూఎన్‌హెచ్ 1006, ఎండ 38 డిగ్రీలు, గాలి లేదు, చివర 50 అడుగుల చింతచెట్లు. మొదట్లో లెక్కేసిన 749 కేజీల విమానమే. డెన్సిటీ ఆల్టిట్యూడ్ కట్టండి. ఇద్దరూ కలిసి బయల్దేరతారా, ఇంధనం తగ్గిస్తారా, సాయంత్రం దాకా ఆగుతారా? ఏది ఎంచుకున్నా, ఏ అంకెను చూసి ఎంచుకున్నారో పక్కన రాయండి.