మీ దుకాణం కథ గిరాకీకి ఎట్లా చెప్పాలి

హన్మకొండ చౌరస్తాలో నిలబడి చుట్టూ ఉన్న బోర్డులు, ఫ్లెక్సీలు చదవండి. "నాణ్యతకు మారుపేరు", "నమ్మకానికి చిరునామా", "మీ ఆదరణే మా బలం". బట్టల దుకాణమైనా, టిఫిన్ సెంటరైనా, సిమెంటు డీలరైనా అవే మాటలు, పేరు ఒక్కటి మారిస్తే ఎవరి ఫ్లెక్సీ ఎవరికైనా సరిపోతుంది. పెద్ద కంపెనీకి పర్వాలేదు, టీవీలో వందసార్లు చూపించి జనం బుర్రలోకి ఎక్కించే డబ్బుంది. మీకు లేదు కాబట్టి మీ గురించి ఒక్కసారి విన్న మనిషి ఇంటికెళ్లి ఇంకో నలుగురికి చెప్పేదేదో ఉండాలి. "ఆ దుకాణంలో నాణ్యత ఉంటుందట" అని అన్నం తింటూ ఎవరూ చెప్పుకోరు. "ఆమె నిన్న పిండి బాలేదని సకినాలే అమ్మలేదట" అని మాత్రం చెప్పుకుంటారు.

కథ అనగానే చాలామంది తాతల నుంచి మొదలుపెడతారు. నాన్నగారు ఎన్నో కష్టాలకోర్చి దుకాణం పెట్టడం, మీరు ఆయన అడుగుజాడల్లో నడవడం. అది మీ ఇంటివాళ్లకు గొప్ప విషయమే, కాదనను, కానీ కిలో అప్పాలు కొనడానికి వచ్చినామెకు దాంతో పనేంటి? ఆమెకు చెప్పాల్సింది వేరు. మీరు రోజూ చేస్తున్నా ఆమె కంటికి కనిపించని పని ఒకటుంటుంది, అది చెప్పాలి.

సకినాలే తీసుకుందాం. సంక్రాంతికి మన వైపు పోయని ఇల్లు తక్కువ, కాబట్టి "రుచికరమైన సకినాలు లభించును" అని పెడితే ఎవరూ ఆగి చూడరు. పనిలోకి వెళ్తే కథ అక్కడే ఉంది. బియ్యం నానబోసి, నీళ్లు వార్చి, తడి ఆరకముందే పిండి గిర్నీకి తీసుకెళ్లాలి. నువ్వులు, వాము, ఉప్పు కలిపి, పరిచిన బట్ట మీద వేళ్ల మధ్య పిండిని మెలి తిప్పుతూ చుట్టు మీద చుట్టు పోయాలి. బట్ట కొంత తడి పీల్చుకున్నాక విరగకుండా లేపి నూనెలో వేయాలి. ఇప్పుడు ఇలాంటి స్టేటస్ ఒకటి చూడండి:

"పొద్దున గిర్నీలో కరెంటు పోయింది. బియ్యం తడి ఆరిపోయింది, పిండి పట్టించి పోస్తుంటే చుట్లు మధ్యలోనే తెగుతున్నాయి. ఆ పిండి ఇంట్లోకి సర్వపిండికి పెట్టుకున్నాం, మళ్లీ బియ్యం నానబోశాం. ఇవాళ ఇస్తామన్న సకినాలు రేపు సాయంత్రం ఇస్తాం. ధర అదే."

నాణ్యత అన్న మాటే లేదు, అయినా చదివినవాళ్లకు అదే అర్థమవుతుంది. ఇందులో ఉన్నది ఒక ఇబ్బంది, దానికి మీరు తీసుకున్న నిర్ణయం, అంతే. మీ కథలో ఈ రెండూ ఉన్నాయా అని చూసుకోండి, లేకపోతే అది కథ కాదు, ప్రకటన. (ఇది ఉదాహరణకు రాసింది. మీ గిర్నీలో కరెంటు పోకపోతే పోయిందని రాయకండి.)

ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయంటే, రాత్రి షట్టర్ దించాక ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడండి. ఇవాళ ఏ సరుకు వద్దని తిప్పి పంపారు, ఎందుకు? ఏది పక్క దుకాణం కన్నా ఎక్కువ పెట్టి కొన్నారు? ఏ గిరాకీ గొడవపడింది, చివరికి ఎట్లా తేలింది? ఇంట్లో చెప్పినట్టే చెప్పండి. తర్వాత విని, అదే మాటల్లో రాసుకోండి. "విచ్చేయగలరు", "లభించును" తీసేయండి, మీ కౌంటర్ దగ్గర ఎవరైనా అట్లా మాట్లాడతారా? అలాగని సినిమాలో కామెడీకి పెట్టే యాసను తెచ్చి అతికించకండి, మీకు సహజంగా వచ్చేది ఉంటే చాలు.

చేర్యాల నకాషీ బొమ్మలు ఇప్పుడు గోడకు తగిలించుకునే వస్తువులయ్యాయి గానీ, అసలు అవి కథ చెప్పడానికి పుట్టినవి. పొడవాటి గుడ్డ మీద గడులు గడులుగా బొమ్మలు వేసేవాళ్లు, కథకులు ఊరూరా తిరుగుతూ గుడ్డ విప్పి ఒక్కో గడి చూపిస్తూ చెప్పేవాళ్లు. గమ్మత్తేంటంటే అందరికీ ఒకే కథ కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, ఇంకో కులానికి వాళ్ల కుల పురాణం. వినేవాళ్లు అందులో తమ వాళ్లను చూసుకునేవాళ్లు, అందుకే రాత్రంతా కూర్చునేవాళ్లు. దీని నుంచి మనం తీసుకోవాల్సింది రెండు: ఒకేసారి మొత్తం చెప్పొద్దు, అందరికీ ఒకటే చెప్పొద్దు.

వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు అమ్ముతున్నారనుకోండి. పెళ్లి పెట్టుకున్న ఇంటికి చెప్పాల్సింది ఎంతమంది కూర్చోవచ్చు, ఎన్నేళ్లు ఆగుతుంది, ఉతికితే ఏమవుతుంది. హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్ కొన్న జంటకు ఇవేవీ పట్టవు, వాళ్లకు మగ్గం కావాలి, రంగులు కావాలి, "దీన్ని తిరగేసి కూడా పరుచుకోవచ్చు" అని రెండు వైపులా చూపించే పది సెకన్ల వీడియో కావాలి. సరుకు ఒకటే, కథలు రెండు.

గడి గడిగా చెప్పడానికి వాట్సాప్ స్టేటస్ భలే పనికొస్తుంది, 24 గంటల్లో పోతుంది కాబట్టి రేపు ఏం పెట్టాడో అని చూస్తారు. ఇవాళ రంగు అద్దిన నూలు ఆరేసి ఉన్న ఫొటో. రేపు మగ్గం మీద సగం. ఎల్లుండి పూర్తయింది, కొలత ఇంత, ధర ఇంత. ధర దాచి "ఇన్‌బాక్స్‌లో అడగండి" అనడం నాకు అస్సలు నచ్చదు, సగం మంది అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే, కేటలాగ్ అందులోనే పెట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది, ఈ సంగతి తెలియక చాలామంది పంపిందే పంపి ఎవరూ చూడట్లేదని టెన్షన్ పడతారు. బిల్లు మీద, కవర్ మీద "ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని ముద్ర కొట్టించండి.

మన దగ్గర కొన్ని కథలు వాటంతటవే గడప దాకా వస్తాయి. రెండేళ్లకోసారి మేడారం జాతర ముందు బెల్లం దుకాణాల దగ్గర కాంటా మీద మనుషులు కూర్చుంటారు, తమ బరువంత బెల్లం ఇచ్చే మొక్కు అది, ఆ బెల్లాన్నే నిలువెత్తు బంగారం అంటారు. ఎందుకు మొక్కుకున్నారో వాళ్లే చెప్తారు. అడిగి, ఒప్పుకుంటేనే ఫొటో తీయండి, పిల్లల ఆరోగ్యం లాంటివి వాళ్లు చెప్పినా మీరు రాయకపోవడమే మంచిది. పచ్చళ్లు పెట్టేవాళ్లకైతే వరంగల్ చపాటా మిర్చి ఉంది, 2025లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. చూడ్డానికి ఎర్రగా ఉంటుంది, కారం తక్కువ. "ఇంత ఎర్రగా ఉంది, రంగు కలిపారా?" అని అడిగే ప్రతి గిరాకీకీ అదే జవాబు, అదే కథ. ఎనుమాముల మార్కెట్‌లో మీరు మిర్చి ఏరుకుంటున్న వీడియో ఒక్కటి చాలు.

అబద్ధం మాత్రం వద్దు, నీతి కోసమే చెప్పట్లేదు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ వచ్చింది, ఎక్కడో మిల్లులో తయారైనదాన్ని ఆ పేరుతో అమ్మితే చట్టప్రకారం నేరం. ఇక తినే సరుకు మీద "షుగర్ తగ్గుతుంది", "మోకాళ్ల నొప్పులు పోతాయి" అని రాస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది, జరిమానా తయారీదారుకు 10 లక్షల దాకా ఉండొచ్చు. పైగా ఊరు చిన్నది, మీ పవర్‌లూమ్ సరుకును చేనేత అంటే కొత్తవాడలో ఎవరో ఒకరు పట్టేస్తారు.

పని చేస్తోందా లేదా అనేది లైకులతో తేలదు, చుట్టాలంతా లైక్ కొడతారు. కౌంటర్ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి, కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ "మా గురించి ఎట్లా తెలిసింది?" అని అడిగి, వాళ్లన్న మాటే రాయండి. "ఆ పిండి పక్కన పెట్టినామె మీరేనా?" అని ఎవరైనా అడిగారా, ఆ కథను కేటలాగ్‌లో సకినాల ఫొటో కింద శాశ్వతంగా పెట్టేయండి. నెలైనా ఎవరూ ఎత్తని కథను వదిలేసి, ఆ రాత్రి మళ్లీ రికార్డర్ ఆన్ చేయండి.