గామా ప్రమేయం, 4వ పాఠం: సంకీర్ణ సంఖ్య దగ్గర విలువ కట్టడం

గత పాఠంలో స్టిర్లింగ్ సూత్రంతో వాస్తవ సంఖ్యల దగ్గర విలువలు కట్టాం. గామా అంటే ఫ్యాక్టోరియల్‌ను పూర్ణాంకాలు కాని సంఖ్యలకూ విస్తరించే ప్రమేయం. ఈసారి గామా(1+ఐ) సంగతి చూద్దాం; ఐ అంటే √−1. సమాకలని జోలికి పోకండి. అది నిర్వచనానికి బాగుంటుంది గానీ చేతి లెక్కకు పనికిరాదు.

సూత్రం పాతదే. జ సంకీర్ణ సంఖ్య, లాగ్ అంటే సహజ సంవర్గమానం:

లాగ్ గామా(జ) ≈ (జ − 1/2) లాగ్ జ − జ + 0.9189385 + 1/(12జ) − 1/(360జ³)

మనం వదిలేసిన తర్వాతి పదం 1/(1260జ⁵). 1+ఐ మాపం (సున్నా నుంచి దూరం) 1.414 మాత్రమే, నేరుగా వేస్తే నాలుగో దశాంశం దగ్గరే తేడా కొడుతుంది. మరిన్ని పదాలు కలిపితే సరి అనుకుంటారేమో, ఈ శ్రేణి అభిసరించదు. కొంతదూరం తగ్గి, మళ్ళీ పెరుగుతుంది. కాబట్టి జ విలువనే కుడివైపుకు జరపాలి, అంటే దాని వాస్తవ భాగాన్ని పెంచాలి.

గామా(జ+1) = జ × గామా(జ) అన్నదాన్ని మూడుసార్లు వాడితే:

గామా(4+ఐ) = (1+ఐ)(2+ఐ)(3+ఐ) × గామా(1+ఐ)

మొదటి రెండింటి లబ్ధం 1+3ఐ. దాన్ని 3+ఐతో గుణిస్తే వాస్తవ భాగం ఎగిరిపోయి 10ఐ మిగులుతుంది. అన్నిసార్లూ ఇంత శుభ్రంగా రాదు లెండి.

ఇప్పుడు జ = 4+ఐ. మాపం √17, ఆయామం (వాస్తవ అక్షంతో చేసే కోణం) 0.2449787 రేడియన్లు.

లాగ్ జ = 1.4166067 + 0.2449787ఐ
(3.5+ఐ) లాగ్ జ = 4.7131447 + 2.2740320ఐ
జ తీసేసి, 0.9189385 కలిపితే: 1.6320832 + 1.2740320ఐ
1/(12జ) = (4−ఐ)/204 కలిపితే: 1.6516910 + 1.2691300ఐ
చివరి పదం తీసేస్తే: 1.6516616 + 1.2691566ఐ

వాస్తవ భాగాన్ని ఘాతంగా వేస్తే మాపం 5.21564. కల్పిత భాగమే ఆయామం. 10ఐతో భాగించడమంటే మాపాన్ని పదో వంతు చేసి, ఆయామంలోంచి 1.5707963 తీసేయడమే. 0.521564 మాపం, −0.3016397 ఆయామం వచ్చాయి. అంటే:

గామా(1+ఐ) ≈ 0.49802 − 0.15495ఐ

సరిచూసుకోకుండా వదలకండి. గామా(1+ఐ) మాపం వర్గం కచ్చితంగా π/సైన్‌హెచ్(π) అని తెలుసు. 3.14159ని దాని హైపర్‌బోలిక్ సైన్ 11.54874తో భాగిస్తే 0.27203. మన మాపం వర్గమూ అంతే.

వాస్తవ భాగం రుణమైతే పరావర్తన సూత్రంతో, అంటే గామా(జ) × గామా(1−జ) = π/సైన్(πజ)తో, కుడివైపుకు రావాలి. కల్పిత భాగం వందల్లో ఉంటే అందులోని సైన్ విలువ కంప్యూటర్ హద్దు దాటిపోతుంది, అక్కడ కూడా లాగ్‌లతోనే నడపండి.

అభ్యాసం: గామా(1/2+ఐ) కట్టండి. మాపం 0.5206 దగ్గర రావాలి. ఈసారి లబ్ధం అంత అందంగా ఉండదు.