మీ ఊరి దిబ్బలు, డొంకలు, కుంటల పేర్లు రాసి పెట్టడం ఎలా?

గుంటూరు జిల్లా మాగాణి ఊళ్లలో ఈ పనికి మంచి కాలం మినుము తీతలు అయిపోయాక, అంటే మార్చి నెలాఖరు నుంచి. చేలు ఖాళీగా ఉంటాయి, గట్లు కనిపిస్తాయి. పొద్దున్నే బయల్దేరి ఎండ ముదరకముందే ఇంటికి రావాలి.

నోటుబుక్కు, పెన్సిలు, ఫోను, గ్రామ పటం జిరాక్సు చాలు. పెన్ను వద్దు, చెమట చేతికి సిరా అలుక్కుపోతుంది. పటం కోసం సచివాలయంలో సర్వేయర్‌ని అడగండి. రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత దస్తావేజుల్లో ఉండేది పాత నంబరే కాబట్టి రెండూ రాసుకోండి.

బొడ్రాయి దగ్గర మొదలుపెట్టి గుడి, మసీదు, చర్చి, చెరువు, శ్మశానం వరుసగా ఫొటో తీసి, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి. ఇదంతా ఒక్క పూట పని.

అసలు పని ఊరి బయట ఉంది. అందరూ పాడుచేసేదీ అక్కడే. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన్ని అడిగేసి, ఆయన చెప్పిందే ఊరి చరిత్ర అని రాసేస్తారు. ఆయన పొలం ఉన్న వైపు ఆయనకు బాగా తెలుస్తుంది, రెండో వైపు తెలియకపోవచ్చు. గేదెలు కాసినవాళ్లని, నాట్లకు వెళ్లే ఆడవాళ్లని, కాలవ మీద లస్కర్‌గా, అంటే నీళ్లు వదిలే పని చేసినవాళ్లని అడగాలి. పొలం లేనివాళ్లకే ఊరి పొలమంతా తెలుస్తుంది.

ఒక్కొక్కరినీ విడిగా తీసుకెళ్లి, ఆ చోటే నిలబెట్టి అడగండి. నలుగురిలో అడిగితే గట్టిగా మాట్లాడేవాడి మాటే మిగులుతుంది. "బాబాయ్, దీన్ని కుమ్మరికుంట అంటారు కదా?" అని అడగొద్దు, "అవును నాయనా" అనేస్తారు. "దీన్ని ఏమంటారు బాబాయ్?" అని మాత్రమే అడిగి ఊరుకోండి. ఆయన గుర్తు చేసుకునేదాకా మీరు మాట్లాడొద్దు.

చెప్పిన పేరు చెప్పినట్టే రాయాలి. నోటి మాట మోటుగా ఉందని సంస్కృతం పేరు తగిలించడం ఘోరం. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ ఉంచండి. పేరు వెనక కథ వేరే పేజీలో, ఎవరు చెప్పారో రాసి పెట్టండి. పాటిదిబ్బ అన్నారంటే అది పాత ఊరి చోటు కావచ్చు, పెంకులు కనిపిస్తే ఫొటో తీయండి గానీ తవ్వొద్దు.

వాట్సాప్ గ్రూపులో అడిగితే సరిపోదా అంటారు. సరిపోదు. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కల్నల్ మెకంజీ కూడా ఊళ్లకు మనుషుల్ని పంపించాకే మన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్ర రాతలు, తయారయ్యాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక, చేను చూడగానే పేరు, నంబరు చెప్పే మనిషి ఊళ్లో కరువయ్యాడు. రాజధాని అమరావతి కోసం 2015లో ల్యాండ్ పూలింగ్‌కి (భూసమీకరణకు) ఇచ్చిన తుళ్లూరు వైపు పొలాల్లో చాలాచోట్ల గట్లు, డొంకలు చదునైపోయాయి. పాత డొంక ఎటు పోయేదో అక్కడి పెద్దవాళ్లే వెతుక్కోవాల్సి వస్తుంది. మీ ఊరికి లేఅవుట్లు రాకముందే తిరగండి.

రాసింది ఆ రాత్రే సాపు చేయండి. ప్రతి పేరు పక్కన తేదీ, చెప్పినవారి వయసు, రెండు నంబర్లు ఉండాలి. ఒక కాపీ ఊరి లైబ్రరీకి, ఒకటి బడికి ఇవ్వండి. పెన్సిలు రాత ఉన్న నోటుబుక్కు మాత్రం పారేయొద్దు, అనుమానం వస్తే మళ్లీ చూసుకోవాల్సింది దాన్నే.