సైకిల్ తేలిగ్గా పోవాలంటే ఏం చేయాలి?

సైకిల్ తొక్కుతుంటే తొందరగా ఆయాసం వస్తోందంటే చాలామంది ఒంట్లో సత్తువ తగ్గిందనుకుంటారు, లేదా ఇంకా ఖరీదైన సైకిల్ కొనాలనుకుంటారు. ఆ రెండింటికంటే ముందు చూడాల్సింది ఇప్పుడున్న సైకిల్‌ని. మన బలం టైరు నేల మీద దొర్లడానికి, ఎదురుగాలిని తోసుకుని పోవడానికి, ఎత్తు ఎక్కడానికి ఎలాగూ ఖర్చవుతుంది. వీటికి తోడు రాసుకుంటున్న బ్రేకులు, ఎండిపోయిన చైను ఊరికే తినేసేది ఇంకొంత. మనం తిన్న తిండిలోని శక్తిలో పెడల్ దాకా వచ్చేదే 20-25 శాతం, మిగతాదంతా వేడిగా పోతుంది, కాబట్టి ఆ కాస్తా వృథా కానివ్వకూడదు.

ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. బండ్లు తిరగని, కొద్దిగా వాలున్న వీధిలో ఒకచోట గీత గీసి, అక్కడి నుంచి తొక్కకుండా సైకిల్‌ని దానంతట దాన్నే పోనివ్వండి. ఎక్కడ ఆగిందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. బ్రేకులు, టైర్లలో గాలి సరిచేశాక, ఎదురుగాలి పెద్దగా వీయని వేళ మళ్ళీ అక్కడి నుంచే వదిలితే తేడా కళ్ళకు కనిపిస్తుంది. చైను సంగతి మాత్రం ఇందులో తెలియదు, తొక్కనప్పుడు అది తిరగదు కదా.

ఇక పనిలోకి. ఒక్కో చక్రాన్నీ పైకెత్తి చేత్తో తిప్పండి. సర్ సర్‌మని చప్పుడొచ్చి తొందరగా ఆగిపోతే బ్రేక్ షూ రిమ్ముకు రాసుకుంటోందన్నమాట. రిమ్ము వంకర తిరిగితే షాపులో బెండు తీయించండి, లోపల గరగరమంటే బేరింగులకు గ్రీజు పెట్టించండి.

తర్వాత గాలి. ఏ ఒక్క పని చేసినా ఇదే చేయమంటాను. గాలి తక్కువుంటే నేలకు ఆనిన చోట టైరు నొక్కుకుపోతూ లేస్తూ ఉంటుంది, అలా నొక్కుకున్న ప్రతిసారీ కొంత బలం వేడిగా పోతుంది. బొటనవేలితో నొక్కి "గట్టిగానే ఉంది" అనుకుంటే సరిపోదు, 30 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) కూడా వేలికి గట్టిగానే తగులుతుంది. టైరు పక్కన ఎంత పెట్టాలో అచ్చేసి ఉంటుంది, చాలా గేరు సైకిళ్ళకు 40-65 మధ్య. రోడ్డు బాగుంటే పై అంకెకు దగ్గరగా, గతుకులుంటే కొంచెం తగ్గించి పెట్టుకోండి. ట్యూబులోంచి గాలి నెమ్మదిగా దిగిపోతూనే ఉంటుంది కాబట్టి వారానికోసారి గేజు ఉన్న పంపుతో చూసుకోవాలి. పెట్రోల్ బంకులో కొట్టించేటప్పుడు ఎంత కావాలో ముందే చెప్పండి, సైకిల్ ట్యూబు చిన్నది, చూస్తుండగానే నిండిపోతుంది. ఇక ఆ లావు టైర్ల సైకిళ్ళు ఇసుకలోకి, బురదలోకి బాగుంటాయి కానీ, తారురోడ్డు మీద రోజూ ఆఫీసుకు పోయేవాళ్ళకు నేనైతే వద్దనే చెబుతాను.

చైనుకు కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో మురికి తుడిచి, ఆరాక ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క సైకిల్ ఆయిల్ వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైన మిగిలింది తుడిచేయండి. తుడవకపోతే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. బండిలోంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ వద్దు. చైను సాగిందేమో స్కేలుతో చూడొచ్చు: ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని వదిలేసి లెక్కపెడితే వచ్చే 24వ పిన్ను మధ్యకు 30.5 సెంటీమీటర్లు ఉండాలి. 30.8కి చేరితే మార్చేయండి.

సీటు విషయంలో మనవాళ్ళలో చాలామంది కాలు నేలకు ఆనాలని బాగా కిందికి దించేస్తారు, దాంతో తొడలు తొందరగా అలిసిపోతాయి. పెడల్ బాగా కిందికొచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి, అంత ఎత్తు పెట్టండి. ఇంతకంటే పైకి లాగొద్దని సీటు రాడ్డు మీద వేసిన గీత మాత్రం బయటికి కనపడకూడదు. గేరు విషయానికొస్తే, నిమిషానికి 70 చుట్ల దాకా కాలు తేలిగ్గా తిరిగే గేరులో పోండి, ఫ్లైఓవర్ ఎక్కకముందే తేలిక గేరుకు మార్చుకోండి. ఎక్కాక మారిస్తే బరువంతా మీద ఉన్న చైను కటకటలాడుతుంది.

వేగం పెరిగేకొద్దీ గాలితోనే అసలు పోరాటం. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, 10 కిలోమీటర్ల ఎదురుగాలి కూడా తోడైతే ఆ అడ్డు దాదాపు మూడు రెట్లు. అలాంటప్పుడు మోచేతులు వంచి కాస్త ముందుకు వంగండి, రెపరెపలాడే చొక్కా గుండీలు పెట్టుకోండి, వేగం తగ్గించుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా మనవైపు గాలి ఎక్కువగా పడమటి నుంచే, కాబట్టి సరదాగా తిరగడానికైతే ముందు పడమరకు పోయి, అలిసిపోయాక గాలిని వెనకేసుకుని రండి.

బరువు గురించి జనం పడే టెన్షన్ మాత్రం ఎక్కువ. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలుంటే, 2 కిలోలు తేలికైన సైకిల్ వల్ల ఎత్తెక్కేటప్పుడు మిగిలేది రెండు శాతం పైచిలుకు, చదునైన రోడ్డు మీద అంతకన్నా తక్కువే. దానికంటే అనవసరంగా బ్రేకు పట్టకపోవడం మేలు. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో ఉండి ఒక్కసారి పూర్తిగా ఆగితే, చదునైన రోడ్డు మీద 60-70 మీటర్లు తొక్కిన బలం బ్రేక్ షూల్లో వేడిగా పోయినట్టే. దూరంగా ఎర్రలైటు కనపడగానే తొక్కడం ఆపేసి, వెనక వచ్చేవాళ్ళను చూసుకుంటూ ఎడమ పక్కగా సైకిల్‌ని దొర్లనివ్వండి.