సకురా కవితను ఎలా చదివించాలి

జపాను కవిత అనువాదంలో సకురా, అంటే చెర్రీ పూవు, కనబడగానే ‘అందం’, ‘వసంతం’ అని అర్థం రాయించి ముందుకు సాగితే కవిత చేజారిపోతుంది. వరంగల్, ములుగు ప్రాంతాల బడులలో ఇటువంటి పాఠం చెప్పే తోటి ఉపాధ్యాయుల కోసం నేను అనుసరించే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

మొదట పూవు ఏ దశలో ఉందో గుర్తింపజేయండి. గాలికి రెక్కలు తెరలు తెరలుగా ఎగిరితే దానిని ‘హనఫుబుకి’, అంటే పూల మంచుతుపాను, అంటారు. రాలిన రెక్కలు నీటిపై గుంపుగా తేలితే ‘హనఇకడ’, పూల తెప్ప. పూలు పోయి లేతాకు వేసిన చెట్టు ‘హజకురా’. నిండుగా పూసిన చెట్టు దాదాపు వారం రోజులలోనే ఖాళీ అవుతుంది కనుక, కవి చూపు పూయడం కంటే రాలడం మీదనే ఎక్కువగా నిలుస్తుంది. ఆ క్షణంలో మనసు చెమ్మగిల్లడాన్ని ‘మోనో నో అవారే’ అంటారు. 18వ శతాబ్దపు పండితుడు మొతోఒరి నొరినగ ఈ భావాన్ని విస్తారంగా వివరించాడు. దయచేసి దీనిని ‘విషాదం’ అని రాయించకండి. నిలవదని తెలిసినందువల్ల మరింత ఇష్టపడటం అందులో ఉంది.

మన పిల్లలకు ఇది ఇప్పచెట్టుతో సులభంగా తెలుస్తుంది. ఇప్పపూవు వాడకముందే, రసం నిండి ఉండగానే, తెల్లవారుజామున రాలుతుంది. ఏరుకునేవారి చూపు కొమ్మ మీద కాక నేల మీద ఉంటుంది. బతుకమ్మతో పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. మనం తంగేడు, గునుగు పూలను తెంపి, పేర్చి, ఆడిపాడి చెరువులో వదులుతాము. సకురాను చూసే ‘హనామి’ వేడుకలో కొమ్మ విరవడం తప్పు, మనుషులే చెట్టు కిందికి వెళ్లి కూర్చుంటారు. ‘పూల తెప్ప’ అన్న మాట దగ్గర సద్దుల బతుకమ్మ నాటి చెరువును తలుచుకోనివ్వండి, కానీ ఆ పండుగ అర్థాన్ని దీనికి అంటగట్టకండి.

తరువాత కవిత కాలాన్ని చూడండి. 8వ శతాబ్దపు మన్‌యోషూ కవితా సంకలనంలో సకురా మీద ‘ఉమె’, అంటే ప్లమ్ జాతి చెట్టు పూవు, దే పైచేయి. 10వ శతాబ్దపు తొలినాళ్ల కొకిన్‌షూ నాటికి సకురా ముందుకు వచ్చింది, క్రమంగా ఉత్త ‘పూవు’ అన్నా సకురా అనే అర్థం స్థిరపడింది. భిక్షువైన కవి సైగ్యో వసంతకాలపు పున్నమి వేళ ఈ పూల కింద కన్నుమూయాలని కోరుకున్నాడు. 1190లో ఆ రోజులలోనే మరణించాడు.

ఒక మనిషి తన కోసం కోరుకున్న ఆ రాలడాన్ని ఆధునిక సైనిక రాజ్యం యువకులకు ఆజ్ఞగా మార్చింది. రెండవ ప్రపంచ యుద్ధం చివర పైలటుతో సహా శత్రునౌకను ఢీకొనడానికి తయారుచేసిన విమానానికి ‘ఓకా’, అంటే చెర్రీ పూవు, అనే పేరు పెట్టారు. అందువల్ల పూవును ఎవరు, ఎవరితో, ఏ అవసరానికి తలుస్తున్నారో తప్పక అడిగించండి. కనీసం పెద్ద తరగతులకు ఈ భాగాన్ని చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు.

వీలైతే చైత్రంలో ఒక ఉదయం పిల్లలను ఇప్పచెట్టు కిందికి తీసుకువెళ్లి, కొమ్మన ఉన్న పూవుకూ నేలన పడిన పూవుకూ చెరొక వాక్యం రాయించండి. తరగతికి వచ్చాక ‘అందం’ అన్న మాట వాడకుండా సైగ్యో కోరికను వివరించమనండి.